ఆరో పూస

జనగామలో నేను పాఠం చెప్పే డిగ్రీ కాలేజీకి ప్రతి ఏడాదీ ఒకరోజు పూసల దండ పట్టుకెళ్తాను. నూట నలభై ఆరు పూసలు. నేనే గుచ్చాను. మన రక్తానికి ఎర్రరంగు ఇచ్చే హిమోగ్లోబిన్ ఒక ప్రొటీన్. అందులో ఒక రకం గొలుసుకు సరిగ్గా అన్ని అమైనో ఆమ్లాలుంటాయి. తెర మీద రంగుల బొమ్మ చూపించవచ్చు గానీ మా ప్రొజెక్టర్ ఆరు నెలలు పనిచేస్తే ఆరు నెలలు మొండికేస్తుంది. అందుకని దండను పిల్లల చేతికిచ్చి, ఆరో పూస లెక్కపెట్టి పట్టుకోమంటాను. ఆకుపచ్చ పూసల మధ్య అదొక్కటే ఎర్రది. "ఇదొక్కటే మారింది. మిగతావన్నీ ఉన్నచోటే ఉన్నాయి. ఈ ఒక్కదానికే గుండ్రంగా ఉండాల్సిన రక్తకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. మనిషికి ఎముకల్లో నొప్పి, కళ్లల్లో పచ్చదనం" అంటాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు. పాఠం బాగా చెప్తానని నాకు పేరుంది. ఆ పేరు తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

మాది గూడూరు దగ్గర, అడవి అంచున ఉన్న తాండా. ఇంట్లో మా భాష వేరు. అమ్మను యాడి అంటాం, అక్కను బాయి అంటాం. ఆ రెండు మాటలు తప్ప మిగతావన్నీ ఇక్కడ మావాళ్లు గూడూరు అంగట్లో మాట్లాడే తెలుగులోనే రాస్తాను. పూసలు గుచ్చడం నాకు యాడి నేర్పిందే. ఆమె రవికకు అద్దాలు, గవ్వలు, పూసలు కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించేదాన్ని. ఒక్క పూస తప్పినా మొత్తం విప్పించేది. "ఒక్కటే గద యాడి, ఎవలు జూస్తరు?" అంటే, "నేను జూస్త" అనేది. నా చదువుకు పునాది ఏదంటే ఈ మాటే చెప్పాలి. ఇంటర్వ్యూల్లో ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గుపడ్డాను.

నాయిన నేను పదో తరగతిలో ఉండగానే పోయాడు. మిగిలింది యాడి, నేను, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడైన తమ్ముడు. వాడు పుట్టినప్పటి నుంచీ బక్కప్రాణం. ప్రతి వానాకాలం కళ్లు పచ్చబడేవి. కామెర్లను మావాళ్లు పసిరికలు అనేవాళ్లు. చిన్నప్పుడు ముంజేతి మీద వాతలు పెట్టించారు, ఒకటి కాదు, ఐదు. పెద్దయ్యాక మరిపెడ వైపు ఒక ఊళ్లో పసరు పోసే ముసలాయన దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. కళ్లు తెల్లబడేవి, మళ్లీ ఏడాదికి పచ్చబడేవి. దానికితోడు కాళ్ల నొప్పులు. నాటు మడిలో చల్లటి నీళ్లలో దిగాడంటే మర్నాడు మంచం దిగేవాడు కాదు. తాండా అంతా వాడికి పనిదొంగ అని పేరు పెట్టింది. ఆ పేరుకు ఎదురు చెప్పాల్సిందిపోయి, హాస్టలు నుంచి వచ్చినప్పుడల్లా నేను ఇంకాస్త ఉప్పూ కారం అద్దేదాన్ని.

"బాయీ, ఎముకల లోపట ఎవలో సుత్తెతోని కొడుతాండ్లు" అనేవాడు.

"నాట్లప్పుడే కొడుతరా? పండుగప్పుడు కొట్టరా?"

"పండుగకు వాళ్లకు గూడ సెలవు" అని నవ్వేవాడు. నొప్పితో పళ్లు బిగబట్టి నవ్వేవాడని అప్పుడు నాకు కనిపించలేదు.

మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ డిగ్రీ చేసి, పీజీకీ పీహెచ్‌డీకీ హైదరాబాద్ వెళ్లాను. నా పని ఒక బ్యాక్టీరియా ప్రొటీన్ ఆకారం కనుక్కోవడం. ప్రొటీన్ కంటికి కనిపించేది కాదు. దాన్ని శుద్ధి చేసి, పళ్లెంలోని చిన్న చిన్న గుంటల్లో బొట్లు బొట్లుగా పెట్టి, పటికబెల్లం పలుకులా గడ్డకట్టేదాకా కాచుకోవాలి. ఆ పలుకు మీద ఎక్స్‌రే పడితే చుక్కల వరస వస్తుంది. ఆ చుక్కల లెక్క తేలిస్తే లోపల ఏ పరమాణువు ఎక్కడ కూర్చుందో తెలుస్తుంది. చెప్పడానికి ఇంతే. కాకపోతే అది గడ్డకట్టదు. మే నెల ఎండల్లో స్వెట్టర్ వేసుకుని చలిగదిలో రెండేళ్లు కూర్చున్నాను. ఉప్పు కాస్త ఎక్కువైతే ముద్దవుతుంది, తక్కువైతే నీళ్లలా ఉండిపోతుంది. ఆత్రం కొద్దీ పళ్లెం కదిపితే కట్టేది కూడా కట్టదు.

మా గైడ్ సారుకు ఒకటే సూత్రం. రాసుకున్నది రాసుకున్నట్టు చెయ్యి, మధ్యలో జాలిపడకు. మొదట్లో ఆ మాట విని లోపల నవ్వుకునేదాన్ని. రెండేళ్ల తర్వాత ఒక గుంటలో సూదిమొనంత పలుకు కనబడి, మైక్రోస్కోపు మీద తల పెట్టి ఏడ్చిన రోజు నుంచి ఆ సూత్రం నాకు మతమైపోయింది. గొలుసులో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే పక్కవి ఎంత జరుగుతాయో కొలవడమే నా థీసిస్. అణువంత దూరాలు కొలిచాను. ఎవరూ చూడనిది నేను చూశానని మురిసిపోయాను.

థీసిస్ ఇచ్చేసి ఇంటికి వచ్చిన ఆ వానాకాలం తమ్ముడి కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. అప్పటికి వాడికి మేనమామ కూతురితో పెళ్లయింది, ఏడాది పాప ఉంది. ఈసారి జ్వరం కూడా ఉంది. యాడి ఎప్పటిలాగే పసరు ముసలాయన దగ్గరికి తీసుకెళ్దామంది. నేను అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పకపోవడానికి నా దగ్గర శాస్త్రీయ కారణం కూడా ఉంది: మామూలు కామెర్లకు పెద్ద దవాఖానలో కూడా మందంటూ ఏమీ లేదు, దానంతట అదే తగ్గుతుంది, ఆకు పసరు వల్ల యాడికి ధైర్యం వస్తే రానీ అనుకున్నాను. చదువుకున్న మూర్ఖత్వానికి చదువులేని మూర్ఖత్వం కన్నా మాటలు ఎక్కువ వస్తాయి.

ముసలాయన పసరు పోసి పత్యం చెప్పాడు. మూడు రోజులు ఉప్పులేని చప్పిడి జొన్న గటక. పొద్దున అర గ్లాసు, సాయంత్రం అర గ్లాసు నీళ్లు. అంతకు మించి చుక్క తాగినా పసరు విరిగి విషమవుతుందన్నాడు. మొదటిరోజు మధ్యాహ్నానికే యాడి మనసు కరిగింది. "పెదువులు ఎండిపోయినయే బిడ్డా, ఒక్క బుక్కెడు పోస్తనే" అంది.

"మధ్యల ఆగం జేసుడైతే మొదలే జెయ్యకుంటుంటిమి" అన్నాను. "చేస్తే సక్కగ జెయ్యాలె. మూడు రోజులే గద."

కుండ మీద మూత పెట్టి, మూత మీద గ్లాసు బోర్లించి, పక్కన పీట వేసుకుని నేనే కూర్చున్నాను. చలిగదిలో పళ్లేనికి కాపలా కూర్చున్నట్టే కూర్చున్నాను. రెండోరోజు వాడు మంచం మీద నుంచి అడిగాడు.

"బాయీ, దూపైతాంది. జర నీళ్లియ్యవా?"

"రేపటిదాంక ఓర్సుకో."

"నీ ల్యాబుల వాటిని గూడ గిట్లనే సతాయిస్తవా?"

"వాటికి నోరు లేదు. అందుకే మంచిగుంటయి."

వాడు నవ్వాడు. మేమిద్దరం నవ్వుతూ మాట్లాడుకున్న మాటల్లో అవే ఆఖరివి. ఆ సాయంత్రం నా పేపరు గురించి ఏదో సందేహం అడగడానికి గైడ్ సారు ఫోన్ చేశారు. తాండాలో సిగ్నల్ నిలవదు, మాట మధ్యలో తెగిపోతుంది. రోడ్డు దాకా నడిచి వెళ్లి గంటసేపు మాట్లాడి వచ్చాను.

మూడోరోజు పొద్దున వాడికి రొమ్ములో నొప్పి మొదలైంది. ఊపిరి అందడం లేదు. ఆటోలో మానుకోట తీసుకెళ్తుంటే నా ఒళ్లో తల పెట్టుకుని, దవాఖాన గేటు కనబడుతుండగా పోయాడు. ఎదురుగా మరదలు పాపను పట్టుకుని కూర్చుంది. యాడి ఏడవలేదు. తన కుడి అరచేతిని చూసుకుంటూ ఉండిపోయింది. దుఃఖంలో మనిషి ఏమైనా చూస్తుందనుకున్నాను.

హైదరాబాద్‌లో ఇంకో ల్యాబులో చేరాల్సినదాన్ని, చేరలేదు. జనగామ కాలేజీలో ఉద్యోగం వస్తే అదే చాలనుకున్నాను, ఇంటికి బస్సులో వెళ్లి రావచ్చు. నా ప్రొటీన్ బొమ్మ అచ్చయిన పత్రిక పోస్టులో వచ్చింది. ఆ కవరు ఇప్పటికీ విప్పలేదు. నేను పోగొట్టుకున్నది పరిశోధన కాదని నాకు తెలుసు. అయినా అప్పుడప్పుడు పొద్దున్నే లేవగానే చలిగది వాసన గుర్తొచ్చేది.

తమ్ముడు పోయాక యాడిలో ఒక మార్పు వచ్చింది. మా తాండాలో గడపలోకి ఎవరొచ్చినా ముందు చెంబుతో నీళ్లిస్తారు, ఆ తర్వాతే మాట. యాడి అది మానేసింది. చుట్టాలొచ్చినా, నేనొచ్చినా, "కుండల ఉన్నయి, ముంచుకొని తాగుండ్రి" అనేది. సొంత మనవరాలికి కూడా తన చేత్తో నీళ్లు పట్టేది కాదు. తాండా ఆడవాళ్లు చాటుగా గొణుక్కున్నారు. కొడుకు పోయి మొండిదైందని నేను సర్దిచెప్పుకున్నాను. పన్నెండేళ్లు అలాగే గడిచాయి. ప్రతి ఏడాదీ నేను పూసల దండ పట్టుకెళ్లి ఆరో పూస చూపిస్తూనే ఉన్నాను.

అడగవచ్చు, ఎముకల్లో నొప్పి, కళ్లల్లో పచ్చదనం అని నీ నోటితో నువ్వే చెప్తూ తమ్ముడు ఎలా గుర్తుకు రాలేదని. నన్ను నేను చాలాసార్లు అడిగాను. నా పుస్తకంలో ఆ కొడవలి కణాల జబ్బు ఆఫ్రికాది. బొమ్మలో ఉన్నది ఆఫ్రికా పిల్లవాడు. మన దేశంలో కూడా అడవి ప్రాంతాల జనంలో ఉందని కింద ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్నీ నేను చదివి వినిపించేదాన్ని, పరీక్షలో అడుగుతారని. అడవి ప్రాంతమంటే ఎక్కడో దూరాన ఉంటుందని అనుకున్నానేమో. మా ఇంటి వెనక పది అడుగులు వేస్తే అడవే.

ఈ వానాకాలం భూపాలపల్లిలో ఆశా కార్యకర్తలకు, నర్సులకు ఆ జబ్బు పరీక్ష నేర్పించే శిక్షణ పెట్టారు. రక్తం సంగతి వివరంగా చెప్పడానికి నన్ను పిలిచారు. బొగ్గు లారీల దుమ్ములో ఆటో దిగి, పూసల దండతో సహా హాల్లోకి వెళ్లాను. పాఠం ఎప్పటిలాగే బాగా నడిచింది. ఆ తర్వాత పరీక్ష చేసి చూపించాలి. వేలి మీద పొడిచి, ఒక బొట్టు రక్తాన్ని చిన్న ప్లాస్టిక్ బిళ్లలో వేస్తే గీతలు వస్తాయి. ఎవరూ వేలు ఇవ్వడానికి ముందుకు రాలేదు. రోజూ ఊరందరికీ సూదులు వేసేవాళ్లే ఒకరి వెనక ఒకరు దాక్కుని నవ్వుతున్నారు. "మీకంటే మా కాలేజీ పిల్లలు నయం" అని నా వేలే పొడుచుకున్నాను.

మంచి హిమోగ్లోబిన్‌కు ఒక గీత వచ్చింది. దాని పక్కన, ఆరో పూస మారినదానికి ఇంకో గీత వచ్చింది.

ముందు వరసలో కూర్చున్న నర్సు లేచి చూసింది. "మేడం, మీకే ఉన్నది గదా" అంది.

"అవును. నాకు జబ్బు లేదు. సగం ఉంది. అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చి ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు" అని పాఠంలాగే చెప్పాను. ఆ వాక్యం పూర్తయ్యాక నా నోట్లో తడి ఆరిపోయింది. ఇద్దరి నుంచీ వచ్చినవాడు మా ఇంట్లో ఒకడు ఉండేవాడు. వాడి ముంజేతి మీద ఐదు వాతలుండేవి. ఆ జబ్బున్నవాళ్లకు చలి పడదు, కష్టం పడదు, అన్నింటికన్నా దప్పిక పడదు. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తం చిక్కబడి, కణాలన్నీ వంగి, ఎక్కడికక్కడ అడ్డం పడతాయి. ఆ మాట పొద్దున అదే హాల్లో నేను బోర్డు మీద రాసి, కింద గీత కూడా గీశాను.

"జర నీళ్లు తాగుండ్రి మేడం" అని నర్సు సీసా ఇచ్చింది. నేను ఆమెను ఇంకో పరీక్ష బిళ్ల అడిగి తీసుకుని బయటికి వచ్చేశాను.

పన్నెండేళ్ల కిందటి పాప ఇప్పుడు పదమూడేళ్ల పిల్ల. కాళ్లు గుంజుతున్నాయని ఏడుస్తోందని వారం కిందట యాడి ఫోన్ చేసింది. "పరీక్షలొస్తున్నయి గద, గుంజుతయి" అన్నాను. అవే మాటలు, అదే నోరు. బస్టాండులో నిలబడి ఫోన్ చేస్తే యాడి ఎత్తింది.

"పిల్లకు పసిరికలైనయే. పొద్దుగాల్నే పసరు పోయించుకొచ్చినం. ముసలాయన లేడు, ఆయన కొడుకు పోసిండు. నువ్వు పరేషాన్ గాకు."

"యాడీ, పిల్లకు నీళ్లియ్యి. ఎన్ని తాగితే అన్ని ఇయ్యి. ఇప్పుడే ఇయ్యి."

"ఏం మాట్లాడుతానవ్? పత్తెం మీదున్నది పిల్ల."

సిగ్నల్ పోయింది. మళ్లీ కలవలేదు. మరదలు కూలికి వెళ్లి ఉంటుంది, ఆమె దగ్గర ఫోన్ ఉండదు. ములుగు మీదుగా నర్సంపేట వచ్చి, గూడూరు బస్సు పట్టుకునేసరికి ఒక జన్మ అయింది. కిటికీ పక్కన కూర్చుని, ఈపాటికి ఎన్ని గంటలు నీళ్లు లేకుండా ఉందో వేళ్ల మీద లెక్కపెడుతూ వచ్చాను. పిల్ల బతికిందని ముందే చెప్పేస్తున్నాను. దాచిపెట్టి మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు.

ఇంట్లోకి వెళ్లేసరికి పిల్ల మంచం మీద ముడుచుకుని ఉంది. కళ్లు పసుపు ముద్దల్లా ఉన్నాయి. కుండ మీద మూత, మూత మీద బోర్లించిన గ్లాసు. పక్కన పీట మీద యాడి. అచ్చం నేను కూర్చున్నట్టే కూర్చుంది. నా దగ్గరే నేర్చుకుంది మరి.

గ్లాసు తీసి ముంచి పిల్ల నోటి దగ్గర పెట్టాను. యాడి లేచి నా చెయ్యి పట్టుకుని గుంజింది. నీళ్లు పక్క మీద ఒలికాయి. డెబ్బై దాటిన మనిషికి అంత బలం ఎక్కడిదో.

"వద్దే! నీ కాళ్లు మొక్కుత, వద్దే! పసరు ఇరుగుతది. పోతది పిల్ల. నాకెర్కే, నేను జూసిన. నా చేతులతోనే జూసిన."

"ఏం జూసినవ్?"

"నువ్వు ఫోన్ మాట్లాడొస్తనని రోడ్డుకు వొయినవ్ సూడు, గప్పుడు. వాడు నా కొంగు వట్టుకొని అడిగిండు. తట్టుకోలేకపోయిన. చెంబెడు పోసిన. గటగట తాగిండు. బతికిచ్చినవ్ యాడీ అన్నడు. తెల్లారి సచ్చిపోయిండు." తన కుడి అరచేతిని నా మొహం ముందు పెట్టింది. "గీ చెయ్యే సంపింది. నీకు జెప్పలే. ఎవలకు జెప్పలే."

అప్పుడు నాకు అర్థమైంది, ఆటోలో ఆ అరచేతినే ఎందుకు చూసుకుందో, పన్నెండేళ్లుగా ఆ చెయ్యి ఎవరికీ నీళ్లెందుకు ఇవ్వలేదో. కూలబడి ఏడ్చాను. ఏడుస్తూనే ఆ చేతిని పట్టుకుని చెప్పాను. వాడిది పసిరికలు కాదని, పుట్టుకతో రక్తంలో వచ్చిన జబ్బని, దానికి దప్పికే శత్రువని, ఆ చెంబెడు నీళ్లే ఆ మూడు రోజుల్లో వాడికి దొరికిన మందని. ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు. కానీ నేను మళ్లీ గ్లాసు ముంచినప్పుడు అడ్డం రాలేదు.

వేలు పొడిచి పరీక్ష చేశాను. పిల్లకు మంచి గీత రాలేదు, చెడ్డ గీత ఒక్కటే వచ్చింది. ఆటో పిలిచి, చెంబు, నీళ్ల బిందె లోపల పెట్టుకుని మానుకోట బయల్దేరాం. అదే దారి. ఈసారి పిల్ల తల నా ఒళ్లో ఉంది, ఎదురుగా యాడి కూర్చుంది. గూడూరు దాటేదాకా ఆమె తన అరచేతినీ పిల్ల మొహాన్నీ మార్చి మార్చి చూసింది. మెల్లమెల్లగా ఒక్కొక్క పూస గుచ్చుకుంటోందని నాకు తెలుస్తోంది. తప్పు పూస ఎక్కడుందో ఆమెకు దొరక్కుండా పోదు.

"అయితే గా నీళ్లు మంచియేనా?" అంది చివరికి.

"మంచియే."

"ఇంకిన్ని పోసేదుండె నేను."

"అవ్ యాడి."

పిల్ల నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి తోసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మరి నువ్వెందుకు వద్దంటివి?"

"నాకు తెల్వక."

"ఇన్ని సదివి గూడ తెల్వకపాయెనా బిడ్డా?"

తిట్టలేదు. నిజంగానే అడిగింది. తిట్టి ఉంటే ఏదో ఒకటి చెప్పేదాన్ని. వాడు నీళ్లు తాగి ఉంటే బతికేవాడని ఏ డాక్టరూ రాసివ్వడు, ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగింది. యాడి వంగి బిందెలో చెంబు ముంచింది. చెంబును కుడి చేత్తోనే ఎత్తింది. ఎడమ చెయ్యి దాని కింద ఆనించి పిల్లకు పట్టింది. పిల్ల తాగినంతసేపూ గొంతు కదలడమే చూసింది. తర్వాత చెంబు మళ్లీ ముంచి నా ముందు పెట్టింది.

"నువ్వు గూడ తాగు. పొద్దటిసంది తిరుగుతానవ్" అంది.

నేను తాగాను.